ఎడమ రెక్క

మూడో అంతస్తు, మెట్ల పక్క గది
రెండో తేదీ

పుర్రచెయ్యికి,

నువ్వు క్షేమమని నేననుకుంటాను, నేను క్షేమమని నువ్వనుకో. దీంతో ఉత్తరంలో మర్యాదల భాగం ముగిసింది.

అసలు సంగతి. నన్ను మళ్ళీ పిలిచారు! రిటైరై ఆరేళ్ళయింది. ఇక ఈ నాలుక మందుబిళ్ళలు మింగడానికే అనుకుంటున్న సమయంలో ఒక టోకు వ్యాపారి మనిషిని పంపించాడు. ఆయనకి చాలా ఊళ్ళలో దుకాణాలున్నాయి. నల్ల చుట్టలు అమ్మాలని బుద్ధి పుట్టింది. ఆరు కార్ఖానాల వాళ్ళు తలో కట్ట పంపారు. చుట్ట నడుముకి ఉంగరంలా వేసే రంగు కాగితాలన్నీ ఊడబీకేసి, ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేశారు. ఏది ఎవరిదో మాకు తెలియదు. ముగ్గురం కాల్చి మార్కులు వేయాలి. మొదట వచ్చినవాళ్ళకి మూడేళ్ళ ఆర్డరు. నా మార్కుకి రెండింతల విలువట. ఆ మాట విన్నాక రెండు రోజులు నేను మామూలు గొంతుతో మాట్లాడలేకపోయాను.

నల్ల చుట్ట గురించి నీకు చెప్పడమేమిటి గానీ, చెప్పకుండా ఉండలేను. పై ఆకును బాగా ముదరనిచ్చి, కోసి, నెలల తరబడి గుట్టల్లో మగ్గబెడితే వచ్చే నలుపు అది. అంత ఓపిక లేనివాళ్ళు రంగు పూస్తారు. తడి రుమాలుతో రుద్దితే దొరికిపోతారు. ‘రంగు అంటింది’ అన్న మాటను మించిన తిట్టు మా వృత్తిలో లేదు.

నేను ఈ వృత్తిలోకి ఎలా వచ్చానో నీకు గుర్తుందో లేదో. గిడ్డంగిలో మూటల మీద పేర్లు రాసే గుమస్తాని. రుచి చూసే పెద్దాయనకి జలుబు చేసి మూడు వారాలు మంచం పట్టాడు. ఎవరో నా చేతిలో ఒక చుట్ట పెట్టి ‘ఎలా ఉందోయ్’ అన్నారు. ‘గోడవార తడిసిన మూటలోది’ అన్నాను. వెళ్ళి చూస్తే నిజమే. అంతే, రుచి మాస్టారినైపోయాను. ఆ తర్వాత పాత పుస్తకాల కొట్లో పొగాకు శాస్త్రం కొని చదివాను. మొదటి నలభై పేజీలు లేవు. అందుచేత ఆ శాస్త్రం నాకు నలభై ఒకటో పేజీ నుంచి క్షుణ్ణంగా తెలుసు.

నీ
అన్నయ్య

*

కార్ఖానా, కిటికీ పక్క బల్ల
ఆరో తేదీ

అన్నయ్యా,

భోజనాల విరామంలో రాస్తున్నాను. నీ ఆరింటిలో ఒకటి మాది.

ఇది నీకు చెప్పకూడదు. చెప్పకపోతే రేపు దాచానంటావు. రెండు రోజులు తల గోక్కుని, చెప్పడమే మేలనుకున్నాను.

మాకు వేరే ఆర్డర్లు లేవు. ‘ఇది వస్తే బల్లలు ఉంటాయి, రాకపోతే ఈ హాలు ఇంకెవరికైనా ఇచ్చేస్తాను’ అన్నాడు యజమాని. పద్నాలుగు బల్లలు. నమూనా కట్ట మొత్తం నన్నొక్కదాన్నే చుట్టమన్నాడు. నా చుట్టూ చేరి అందరూ చూస్తుంటే, ఇన్నేళ్ళ తర్వాత మొదటి చుట్ట విప్పి మళ్ళీ చుట్టాల్సి వచ్చింది. నా పక్క బల్ల పొడుగామె ఊరుకోదు కదా.

“మీ అన్నయ్యేగా జడ్జీ! ఇంకేం, పడుకుని చుట్టు” అంది.

“చుట్టకి చుట్టరికం ఉండదే. మా అన్నయ్య నాలుక సొంత చెల్లెల్ని కూడా ఎరగదు” అన్నాను.

“అయితే ఆ నాలుకని ఒకసారి భోజనానికి పిలవరాదూ, పరిచయం చేద్దాం” అంది.

మా నెంబరు ఎంతో నాకు తెలియదు. తెలిసినా చెప్పను. నువ్వు ఏ సాయమూ చేయొద్దు. కాల్చి, నోటికి తగిలిందే రాయి. మాది బాగుంటే బాగుందనే రాస్తావు. నాకు అది చాలు. పరీక్ష అయ్యేదాకా నాకు జవాబు కూడా రాయకు.

చెల్లెలు

*

మూడో అంతస్తు
తొమ్మిదో తేదీ

పుర్రచెయ్యికి,

జవాబు రాయొద్దన్నావు. ఇది జవాబు కాదు, ఉత్తరం.

నిన్న మొదటి రోజు. వ్యాపారి ఆఫీసు వెనక గదిలో ఒక పొడుగాటి బల్ల, మూడు కుర్చీలు, నోరు కడుక్కోవడానికి మంచినీళ్ళు, ఉప్పు లేని రొట్టెముక్కలు. ఒక్కో నెంబరుకి మనిషికి రెండేసి చుట్టలు. ఒకటి కాల్చడానికి, రెండోది ఇవాళ రూపం చూసి మార్కులు వేయడానికి. మొదటి రోజు రూపం జోలికి పోకూడదు, నాలుకకే పని. నా తోటి జడ్జీల్లో ఒకాయన సీసాల షావుకారు, ద్రాక్షసారా అమ్ముతాడు. రెండోవాడు పత్రికాయన. ఈయన ముందు రాసుకుని తర్వాత కాలుస్తాడు.

“మాస్టారూ, రెండో నెంబరులో ఎండుద్రాక్ష తగిలిందా?” అన్నాడు షావుకారు.

“నాకు మీ అత్తరు తగిలింది. కాస్త అవతలికి జరగండి” అన్నాను.

పత్రికాయన నా భుజం మీదుగా తొంగిచూశాడు. “మాస్టారూ, ‘గంభీరం’ అనే మాట ఒకటో నెంబరుకి వాడేశాను. మూడోదానికి ఇంకోటి చెప్పండి.”

“ఊరుకోండి.”

“‘ఊరుకోండి’ అని రాయనా?”

“కాదు నాయనా, మిమ్మల్నే ఊరుకోమంటున్నాను.”

ఎందుకంటే మూడో నెంబరు నా నోట్లో ఉంది. మొదటి దమ్ము చేదు. మొహమాటం లేని చేదు. మూడో దమ్ముకి ఆ చేదు అడుగున మాడీ మాడని కాఫీగింజ, ఇంకా కింద వానకి తడిసి ఆరిన చెక్క వాసన. సగానికి వచ్చేసరికి ఎక్కడ చేదో ఎక్కడ తీపో విడదీయడం నా వల్ల కాలేదు. బూడిద రెండు వేళ్ళ పొడుగున నిలబడింది, రాలనంది. పెన్సిల్‌తో తొంభై నాలుగు వేశాను. నా జన్మలో తొంభై దాటడం ఇది మూడోసారి. మిగతావి సంసారపక్షంగా ఉన్నాయి. అయిదోదైతే మరీ మర్యాదస్తుడు. తప్పు పట్టడానికి ఏమీ లేదు, గుర్తుపెట్టుకోవడానికీ ఏమీ లేదు. డెబ్బై ఒకటి.

ఇవన్నీ నీకెందుకు రాస్తున్నానో నాకే తెలియదు. నీ నెంబరు నాకు తెలియదు, నీకూ తెలియదు. ఇద్దరు గుడ్డివాళ్ళం మాట్లాడుకుంటున్నాం అనుకో.

అన్నయ్య

*

మూడో అంతస్తు
అదే రోజు సాయంత్రం

ఒసే పుర్రచెయ్యీ,

పొద్దున్న ఉత్తరం ఇంకా పోస్టులో వేయలేదు. రెండూ ఒకే కవరులో పెడుతున్నాను. దొరికిపోయావు!

రూపం చూసే పని ఇవాళ అయింది. పళ్ళెంలో ఆరు చుట్టలు వరసగా పెట్టారు. పై ఆకు అంచు మెలితిరుగుతూ పోతుంది కదా, అది చూస్తున్నాను. అయిదింటికి మెలిక ఒకే వైపు. ఒక్కదానికి మాత్రం తలకిందులుగా, రెండో వైపు! లోకమంతా ఒకలా తిప్పితే రెండోలా తిప్పే మనిషి మన ఇంట్లోనే ఉంది. పలక మీద అక్షరాలు కూడా వెనకనుంచి ముందుకు రాసి వేళ్ళ మీద దెబ్బలు తినేది.

అయిదో నెంబరు. నిన్న నా నాలుక మందంగా ఉండి ఉంటుంది. డెబ్బై ఒకటి చెరిపి, సిరాతో తొంభై అయిదు వేశాను.

చిక్కల్లా మూడో నెంబరుతో వచ్చింది. అది నాకే కాదు, ఆ ఇద్దరికీ నచ్చింది. ఊరికే మార్కులు తగ్గిస్తే చాలదు. కాబట్టి ‘తడి రుమాలుతో రుద్దగా రంగు అంటినది’ అని రాశాను. నిజంగా అంటిందా అని అడగకు. కింద ఇంకో ముక్క తగిలించాను: ‘పాలిష్ వేసిన బూటును నమిలినట్టున్నది.’ షావుకారు కడుపుబ్బ నవ్వాడు. “మాస్టారు రుద్దాక మళ్ళీ మేం రుద్దేదేముంది” అని తనూ మార్కులు సగానికి సగం కోసేశాడు. “ఈ వాక్యం అచ్చులో పడాల్సిందే” అన్నాడు పత్రికాయన.

కాగితాలు పదహారో తేదీ మధ్యాహ్నం ఇవ్వాలి. అందాకా నా దగ్గరే ఉంటాయి, తప్పులు దిద్దుకోవడానికి. నువ్వు సాయం వద్దన్నావు, నిజమే. వద్దన్నంత మాత్రాన అన్నయ్య అనేవాడు చేతులు ముడుచుకుని కూర్చుంటాడా? పొడుగామెకి చెప్పు, నా నాలుకకి చుట్టరికం తెలుసని.

అన్నయ్య

*

కార్ఖానా
పన్నెండో తేదీ

అన్నయ్యా,

రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. అందగానే చదువు.

ఆకుకి నడుమ లావు ఈనె ఉంటుంది. అది తీసేస్తే రెండు రెక్కలు, కుడిదీ ఎడమదీ. సన్న ఈనెలు ఒక రెక్కలో ఇటు వాలితే రెండో రెక్కలో అటు వాలతాయి. అవి చుట్ట పొడుగునా పడుకోవాలి. అడ్డం పడితే గీతలు తేలి అసహ్యంగా ఉంటుంది. అందుకని కుడి రెక్కను ఒక వైపు, ఎడమ రెక్కను ఇంకో వైపు తిప్పి చుడతాం. అందరమూ అంతే. కుడిచేతి వాళ్ళూ, నేనూ. చెయ్యి ఏదైతేనేం, ఆకు ఎటు పొమ్మంటే అటే పోవాలి.

కట్ట కట్టినప్పుడు వరస ఒకేలా కనిపించాలని కుడివి కుడివాటితో, ఎడమవి ఎడమవాటితో కడతారు. మేం పంపినవన్నీ కుడి రెక్కవే. నేనే ఏరాను. నీ అయిదోది ఎవరో ఎడమ రెక్కవి పంపిన కట్ట. అది మాది కాదు.

ముప్పై ఏళ్ళుగా ఇదే నా పని. నువ్వు ఒక్కసారి వచ్చావు ఇక్కడికి. గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చి, ‘బాగా మగ్గింది’ అని వెళ్ళిపోయావు. ఎలా చుడతావే అని అడిగి ఉంటే ఒక్క నిమిషంలో చూపించేదాన్ని.

సరే, అది పోనీ. పెన్సిల్ మార్కులు మళ్ళీ వెయ్యి. రుమాలు మాట కొట్టేయ్. మూడోది మాదో కాదో నాకు తెలియదు. కాకపోయినా కొట్టేయ్. అక్కడా బల్లలుంటాయి, బల్లల ముందు మనుషులుంటారు.

పదహారు మధ్యాహ్నం దాకా టైముంది.

చెల్లెలు

*

మూడో అంతస్తు
ఇరవయ్యో తేదీ

చెల్లెమ్మకి,

ఈ పోస్టు శాఖ ఉంది చూశావూ! మా గిడ్డంగిలో ఒకాయనకి పెళ్ళి శుభలేఖ పదకొండేళ్ళు ఆలస్యంగా అందింది. ఆయన మర్యాద తెలిసినవాడు కనక బయల్దేరి వెళ్ళాడు. తీరా వెళితే ఆ దంపతులు విడిపోయి ఉన్నారు. కానుక ఇద్దరికీ చెరిసగం ఇచ్చి వచ్చాడు.

నీ ఉత్తరం పదిహేడున అందింది. ముందురోజే కాగితాలు వెళ్ళిపోయాయి. ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు ముందు వచ్చి ఉంటే!

నిన్న కార్ఖానాల పేర్లున్న కవర్లు విప్పారు. అయిదోది మొదట వచ్చింది. అది ఎవరో నదికి అవతలి కార్ఖానా వాళ్ళది. మూడో నెంబరు కవరు చించితే మీ కార్ఖానా పేరు ఉంది. కాగితం తిప్పి మళ్ళీ చదివాను. షావుకారు మంచినీళ్ళిచ్చాడు.

ఒక్కటి మాత్రం ఆలోచించు. ఏ గుర్తూ లేకుండా, ఏ ఉంగరమూ లేకుండా, ఆరింటిలో నీ చేతి పనిని నా నాలుక పట్టుకుంది. తొంభై నాలుగు! ఇది చిన్న విషయమా? ఒక రకంగా చూస్తే మనం సంతోషించాల్సిన మాటే.

మీ యజమాని మంచివాడని విన్నాను. ఏదో ఒకటి చూస్తాడులే.

అన్నయ్య

*

ఇల్లు
ఇరవై ఆరో తేదీ

అన్నయ్యకి,

ఇంట్లోంచి రాస్తున్నాను. బల్ల లేదు.

యజమాని మీ కాగితం తెచ్చి హాల్లో నిలబడి చదివాడు. బూటు మాట దగ్గర ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేనూ నవ్వాను, ఎందుకో తెలియదు. రుమాలు మాట దగ్గర ఎవరూ నవ్వలేదు.

“చుట్టినదానివి నువ్వే కదా. నీ వేళ్ళకి రంగు అంటలేదా?” అన్నాడు నాతో.

చేతులు బల్ల మీద పెట్టి చూపించాను. ముప్పై ఏళ్ళ పొగాకు మరక. రంగు మరకకీ దానికీ తేడా ఆయనకి ఎలా తెలుస్తుంది? పొడుగామె లేచి, “అయ్యా, ఆకు మనం మగ్గబెట్టిందే కదా, రంగు ఎక్కణ్ణుంచి వస్తుంది?” అంది. ఆయన ఒక్కటే మాటన్నాడు. “సొంత అన్న రాశాడమ్మా. నిజం కాకపోతే సొంత చెల్లెలి మీద ఎవరైనా రాస్తారా?”

దానికి జవాబు నా దగ్గర ఉంది. చెబితే నీ పేరు పోతుంది. నోరు మూసుకున్నాను.

పద్నాలుగు మందిమీ వచ్చేశాం. మిగతావాళ్ళని ఇంకో కార్ఖానా పిలిచింది. నన్ను పిలవలేదు. రంగు పూసిన చెయ్యి అంటున్నారు.

ఇంకో సంగతి. రిజిస్టరు పోస్టుకి ఒక కార్డు తగిలిస్తారు. ఉత్తరం అందుకున్నవాళ్ళు సంతకం పెడితే అది పంపినవాళ్ళకి తిరిగొస్తుంది. మొన్న వచ్చింది. నీ సంతకం, చివర ఆ పొడుగు తోకతో సహా. పక్కన నీ చేత్తోనే తేదీ వేశావు. పద్నాలుగు.

ఆర్డరు అడగను. అది అయిపోయింది. వ్యాపారికి ఒక్క వాక్యం రాయి: మూడో నెంబరు రుద్దితే రుమాలుకి రంగు అంటలేదు. కింద సంతకం పెట్టు. నాకు ఆ వాక్యం కావాలి, అన్నయ్యా. యాభై ఎనిమిదేళ్ళ వయసులో నాకు ఇంకో పని రాదు.

చెల్లెలు

*

మూడో అంతస్తు
మూడో తేదీ

చెల్లెమ్మా,

పద్నాలుగునే అందింది. అబద్ధమాడాను.

ఎలా జరిగిందో చెబుతాను, నువ్వు తిట్టినా సరే. పోస్టుమాన్ దగ్గర సంతకం పెట్టి, మెట్ల మీదే నిలబడి చదివాను. రెండుసార్లు చదివాను. లోపలికి వెళ్ళి కాగితాలు బయటికి తీశాను. రబ్బరు తీశాను. సిరా రబ్బరుకి పోదని అప్పుడు గుర్తొచ్చింది. దిద్దాలంటే కొత్త కాగితం అడగాలి. అడిగితే ఎందుకంటారు. రుమాలు మాట ఎందుకు తీసేస్తున్నారంటారు. ఆ రుమాలు ఏదీ చూపించమంటారు. నీ ఉత్తరం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని క్షౌరశాలకి వెళ్ళాను. అక్కడ నా ముందు నలుగురున్నారు. నలుగురూ అయ్యేదాకా కూర్చున్నాను. గడ్డం గీయించుకున్నాను, జుట్టు కత్తిరించుకున్నాను, మెడ మీద కూడా గీయమన్నాను. ఇంటికొచ్చేసరికి, దిద్దకుండా ఉండడమే మేలని నాలో ఎవరో తీర్పు చెప్పేశారు.

నువ్వు అడిగిన వాక్యం రాశాను. పదకొండు చిత్తుప్రతులు. మొదటి దాంట్లో ‘పొరపాటున’ అని ఉంది. రెండో దాంట్లో ‘దృష్టిదోషం వల్ల’ అని. చివరిదాంట్లో ఏ సాకూ లేదు, ఒక్క వాక్యమే, అచ్చం నువ్వు చెప్పినట్టే. సంతకం ఒక్కటే తక్కువ.

చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నీకు చెప్పక ఎవరికి చెబుతాను. పత్రికాయన నా మీద నాలుగు పేజీలు వేస్తున్నాడు, ఫోటోతో. వ్యాపారి ఇక ఏటా నన్నే పెద్ద జడ్జీగా ఉండమన్నాడు. ఈ మెట్ల పక్క గదిలో ఆరేళ్ళుగా నన్ను ఎవరూ ఏమీ అడగలేదమ్మా. ఇప్పుడు ఈ వాక్యం పంపితే, మార్కులు దిద్దిన మనిషిగా మిగిలిపోతాను. ఇదివరకటి ముప్పై ఏళ్ళూ దాంతోపాటే పోతాయి.

ఆ సంచిక ఒక్కటి బయటికి పోనీ. తర్వాత తప్పకుండా పంపిస్తాను. ఈలోగా నీ ఖర్చులకి ఏమైనా కావాలంటే మొహమాటపడకు.

అన్నయ్య

*

నదికి అవతలి కార్ఖానా, ఈనెలు తీసే గది
రెండు నెలల తర్వాత

మాస్టారికి,

మీ ఉత్తరం చేరింది. సంచిక కూడా చూశాను. ఇక్కడ గోడకి అంటించారు. ఫోటో బాగుంది, మెడ మీద కూడా నున్నగా ఉంది. నాలుగు పేజీలూ చదివాను, మీరు పంపుతానన్న వాక్యం ఎక్కడైనా ఉందేమోనని.

నేను పని చేస్తున్నది మీ అయిదో నెంబరు వాళ్ళ దగ్గర. ఆర్డరు పెద్దదైంది కనక మనుషులు కావాలన్నారు. వచ్చాను. ఏ కార్ఖానా నుంచో చెప్పగానే చుట్టే బల్ల మీద కూర్చోనివ్వం అన్నారు. కొత్తగా చేరినవాళ్ళని పెట్టే గదిలో పెట్టారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఈనె లాగి రెక్కలు వేరు చేయడం పని. నా పక్కన కూర్చునే పిల్లకి పంతొమ్మిదేళ్ళు. మొదటిరోజు ఆకు ఎలా పట్టుకోవాలో నాకు ఓపిగ్గా నేర్పింది. “పెద్దమ్మా, త్వరగానే పట్టేశావే” అంది. సంతోషించాను.

ఇక్కడి పై ఆకు మగ్గింది తక్కువ. మీరు డెబ్బై ఒకటి సరిగ్గానే వేశారు.

డబ్బు పంపవద్దు. ఉత్తరాలు కూడా వద్దు.

నిన్న మేస్త్రీ గోడ మీద ఫోటో చూపించి, “మన పొయ్యిలో నిప్పు రాజేసింది ఈ మహానుభావుడేనమ్మా. నాలుకంటే అదీ. ఇంతకీ ఈయన మీ పాత కార్ఖానా వైపు మనిషేనట, నీకేమైనా తెలుసా?” అని అడిగాడు.

తెలియదన్నాను. అబద్ధమాడినట్టు అనిపించలేదు.